దేశదేశముల క్రిస్మసు విందు

క్రీస్తు జన్మించిన రాత్రి బెత్లెహేములో ఎవరేమి భుజించిరో సువార్తలలో ఎచ్చటను వ్రాయబడలేదు. పశువుల తొట్టి కలదు, గొఱ్ఱెల కాపరులు కలరు, తూర్పు జ్ఞానులు తెచ్చిన బంగారమును సాంబ్రాణియు బోళమును కలవు. భోజనము మాత్రము లేదు. పస్కాపండుగకు గొఱ్ఱెపిల్లయు, పులియని రొట్టెయు, చేదుకూరలును ధర్మశాస్త్రమందు విధింపబడినవి గాని, క్రిస్మసు దినమున ఇది వండవలెను, ఇది వండరాదు అను విధి బైబిలునందు లేదు. డిసెంబరు 25వ తేదీని క్రీస్తు జన్మదినముగా తెలుపు మిక్కిలి పాతవ్రాత క్రీ. శ. 354వ సంవత్సరపు రోమా పంచాంగమున కనబడుచున్నది. తేదీ నిర్ణయమైనది, ఆరాధన నిర్ణయమైనది. వంట మాత్రము ఎవరును నిర్ణయింపలేదు. అది ఆయా దేశముల నేలకును, ఋతువునకును, గుడి నియమములకును, చేతిలోని సొమ్మునకును విడువబడినది.

ఈ మాటను ముందుగా చెప్పుటకు కారణము కలదు. బొమ్మల పుస్తకములలోను, పండుగ కార్డులమీదను, చలనచిత్రములలోను మన పిల్లలు చూచు క్రిస్మసు భోజనము ఒక్కటే రీతిగా నుండును. వెడల్పైన బల్ల, దానిమీద కాల్చిన టర్కీకోడి, ప్రక్కను నల్లని పుడ్డింగు, కిటికీ వెలుపల మంచు. దానిని మాటిమాటికి చూచుటచేత అదియే అసలైన విందనియు, తమ యింట వండు అరిసెలును గారెలును కోడికూరయు దానికి బదులుగా సరిపెట్టుకొనునవనియు కొందఱు తలంచుచున్నారు. సెలవులు ముగిసిన మొదటి దినమున తరగతిలో “మీ యింట ఏమి చేసినారు?” అను ప్రశ్న తప్పక పుట్టును. అప్పుడు కొందఱు బల్లమీదికి వంగి సవిస్తరముగా చెప్పుదురు. కొందఱు పుస్తకము తెఱచి చదువుచున్నట్లు నటింతురు. ఈ రెండవవారు ఉపాధ్యాయుల కంట పడకపోరు. కావున ఆ బొమ్మలోని టర్కీకోడి ఎక్కడినుండి వచ్చినదో, తక్కిన దేశములవారు ఆ దినమున ఏమి తిందురో, ఎందుకు తిందురో కొంచెము విచారింతము.

టర్కీకోడి స్వస్థలము టర్కీ కాదు, ఇంగ్లండును కాదు. అది అమెరికా ఖండపు పక్షి. మెక్సికో దేశపు పూర్వజనులు దానిని మచ్చిక చేసికొని పెంచుచుండిరి. స్పెయినువారు పదునాఱవ శతాబ్దారంభమున దానిని ఐరోపాకు తెచ్చిరి. ఆ శతాబ్దము సగము గడచునప్పటికి అది ఇంగ్లండులోని ధనికుల బల్లల నెక్కినది. క్రొత్తపక్షి ఏ దేశముదో సామాన్యులకు తెలియదు. కావున ఎవరికి తోచిన పేరు వారు పెట్టిరి. ఇంగ్లీషువారు టర్కీ యనిరి. టర్కీవారు దానిని “హిందీ” అందురు, అనగా హిందూదేశముదని. ఫ్రెంచివారి “దేండ్” అను మాటకును ఇండియా కోడి యనియే మూలార్థము. పోర్చుగీసువారు “పెరూ” అనిరి. ఆ మూడు దేశములలో ఒకటియు దాని పుట్టినిల్లు కాదు! మనవారును బయటినుండి వచ్చినదానికి “సీమ” యను మాట తగిలించుట కలదు గదా. సీమచింత కూడ అమెరికా ఖండమునుండి వచ్చినదే. కావున క్రిస్మసుకు సనాతనమైన ఆహారమని మనము తలంచు పక్షి, క్రీస్తు తరువాత పదునైదు వందల యేండ్లవఱకు ఐరోపాలోని ఏ క్రైస్తవుడును చూచి యెఱుగనిది.

పదునెనిమిదవ శతాబ్దమున ఈ కోళ్లను నార్ఫోకు మండలమునుండి లండనుకు సుమారు నూఱు మైళ్లు నడిపించుకొని వచ్చుచుండిరి. రైలుబండ్లు లేని కాలము. గ్రంథకర్త డేనియలు డిఫో ఆ మందలను గూర్చి వ్రాసియున్నాడు. ఒక్కొక్క మందలో వందలకొలదిగా పక్షు లుండెడివి. ఆగస్టు నెలలో కోతలైన పొలములలో మేపుచు బయలుదేఱి మెల్లమెల్లగా నడచి వచ్చెడివి. త్రోవలో కాళ్లు చెడకుండుటకై పెద్దబాతుల పాదములను తారులో ముంచి యిసుకలో త్రొక్కించెడివారట. మన కృష్ణా, నెల్లూరు మండలములలో వరికోతలైన పిమ్మట బాతుల మందలను మడినుండి మడికి తోలుకొనిపోవుటను చూచినవారికి ఈ దృశ్యము వింతగా తోచదు.

అయినను ఇంగ్లండులోని కూలివారికి టర్కీకోడి చాలకాలము అందని ఫలమే. వారి పండుగకు గూసు అను పెద్దబాతే గొప్ప. దానిని కొనుటకైనను ఒక్కసారి డబ్బు చేతికి రాదు. కావున పంతొమ్మిదవ శతాబ్దమున “గూసు క్లబ్బు”లని పుట్టినవి. వారమునకు కొన్ని పెన్నీల చొప్పున కట్టుచు వచ్చినచో డిసెంబరున ఒక పక్షి చేతికి వచ్చును. మన వీధులలో నడచు పండుగ చీటీల కథయే యిది. పక్షి వచ్చిన తరువాతను మఱియొక చిక్కు. పేదల యిండ్లలో అంత పెద్దదానిని కాల్చుటకు తగిన పొయ్యి లేదు. రొట్టెలవాని బట్టీకి పంపి, అతనికి కొంచెము కూలి యిచ్చి కాల్పించుకొనవలెను. ఛార్లెసు డికెన్సు 1843వ సంవత్సరమున ప్రకటించిన “క్రిస్మసు కేరల్” కథలో క్రాచిట్టు కుటుంబమువారు చేసినది ఇదే. ఆ యింటి యజమానికి వారమునకు 15 షిల్లింగుల జీతము, ఆఱుగురు పిల్లలు. పక్షి చాలకపోవునని ఉడికించిన బంగాళాదుంపల ముద్దయు, ఆపిలు పచ్చడియు చేర్చి సరిపెట్టుదురు. పుడ్డింగును బట్టలు ఉడుకబెట్టు రాగికాగులో వండుదురు. మూత తీసినప్పుడు చాకిరేవు వాసన వచ్చును. అంత పెద్ద కుటుంబమునకు ఆ పుడ్డింగు చిన్నదని ఒక్కరును అనరు, అనుకొనరు. డికెన్సు ఈ ఘట్టమును పాఠకులను నవ్వించుటకు వ్రాసినట్లు కొందఱు చెప్పుదురు గాని, నా మట్టునకు అందులో నవ్వుకంటె మించినది కనబడుచున్నది. తండ్రి తక్కువ జీతము ఆ పిల్లలందఱకును తెలియును. కథ చివర కఠినుడైన యజమాని మనసు మాఱి వారింటికి పంపినది టర్కీకోడి. గూసు పేదలదిగాను, టర్కీ కలిగినవారిదిగాను ఉండిన కాలము గనుకనే ఆ కానుకకు అంత విలువ.

పుడ్డింగును గూర్చియు ఒక మాట. దానిని “ప్లమ్ము పుడ్డింగు” అందురు గాని అందు ప్లమ్ము పండు ఉండదు. పూర్వము ఎండుద్రాక్షకు ఆ మాట వాడెడివారు. ఎండుద్రాక్ష, రొట్టెపొడి, ఎద్దుకొవ్వు, చక్కెర, గ్రుడ్లు, సుగంధద్రవ్యములు కలిపి, గుడ్డలో మూటగట్టి గంటలకొలది ఉడికింతురు. ఆగమనకాలమునకు ముందు ఆదివారమున ఇంటిల్లిపాదియు వంతులవారీగా గరిటెతో ఆ పిండిని కలుపుట ఆచారము. లోపల ఒక వెండినాణెము దాచుదురు. ఎవరి పాలిట పడిన వారు అదృష్టవంతులని సంతోషింతురు. 1927వ సంవత్సరమున ఎంపైరు మార్కెటింగు బోర్డు అను సర్కారు సంస్థవారు “సామ్రాజ్య పుడ్డింగు” అను పేర ఒక పాకవిధానమును ప్రకటించిరి. దానిని ఐదవ జార్జి చక్రవర్తి వంటవాడే యిచ్చెను. ఎండుద్రాక్ష ఆస్ట్రేలియానుండియు దక్షిణాఫ్రికానుండియు, దాల్చినచెక్క సింహళమునుండియు, లవంగము జాంజిబారునుండియు, మసాలా మన దేశమునుండియు రావలెనని అందు వ్రాయబడినది. మన పాఠశాల పత్రికలో చెప్పదగని ఒకటిరెండు పానీయములు సైప్రసునుండియు జమైకానుండియు రావలెనట. ఒక్క గిన్నెలో సామ్రాజ్యమంతయు ఇమిడినదని ఆనాటివారు గర్వించిరి. భూగోళపటముమీద ఆ దేశముల నన్నిటిని గుర్తించుట తరగతిలో మంచి అభ్యాసమగును. జాంజిబారులో లవంగపు మొగ్గలు కోసిన కూలివారికి ఆ పుడ్డింగు ముక్క దొరకినదా అని అడుగుటయు అభ్యాసములో చేర్పదగినదే.

ఆ గర్వము చిరకాలము నిలువలేదు. రెండవ ప్రపంచయుద్ధమున ఓడలు సముద్రమున మునిగిపోవుచుండగా 1940వ సంవత్సరము జనవరినుండి బ్రిటనులో ఆహారపు రేషను పెట్టవలసివచ్చెను. అది 1954వ సంవత్సరము జూలైవఱకు పూర్తిగా తొలగలేదు. ఆ క్రిస్మసులలో ఇంగ్లీషు గృహిణులు పుడ్డింగునందు ఎండుద్రాక్ష తగ్గించి తురిమిన క్యారెట్టు కలిపిరి. బంగాళాదుంపలతోనో పప్పులతోనో చేసిన యొక వంటకమునకు “ఉత్తుత్తి గూసు” అని పేరు పెట్టి బల్లమీద ఉంచిరి. బొమ్మలోని విందు ఆ బొమ్మ పుట్టిన దేశమునందే పదునాలుగేండ్లు పలువురికి కఱవైనదని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంతవఱకు చెప్పినది సొమ్మును గూర్చియు, ఓడలను గూర్చియు. ఇక గుడి నియమము ఏమి చేసినదో చూతము. పూర్వకాలపు క్రైస్తవులు పెద్దపండుగలకు ముందు ఉపవాసముండిరి. ఆ దినములలో మాంసము కూడదు. కొన్ని సంఘములలో పాలు, వెన్న, గ్రుడ్లు కూడ కూడవు. జర్మనీలోని డ్రెస్డెను ప్రాంతమున ఆగమనకాలపు రొట్టెను వెన్న లేకుండ నూనెతోనే చేయవలసి యుండెను. ఆ దేశమున మంచినూనె దొరకదు. రొట్టె రుచించెడిది కాదు. అక్కడి ప్రభువులు పోపుగారికి మనవి చేసికొనగా 1491వ సంవత్సరమున ఎనిమిదవ ఇన్నొసెంటు పోపుగారు వెన్న వాడుటకు అనుమతిపత్రము దయచేసిరి. ఎండుపండ్లు నిండిన “స్టోలెను” అను రొట్టె ఈనాడు లోకప్రసిద్ధమైనదనిన దాని వెనుక ఆ చిన్న కాగితము కలదు. అయితే ఆ జర్మనీ దేశముననే క్రిస్మసు ముందురాత్రి అనేక కుటుంబములవారు తినునది బంగాళాదుంపల సలాదును, ఉడికించిన సాసేజీలును మాత్రమే. కలిమి లేక కాదు. గుడికి పోవు రాత్రి వంటయింటిలో అట్టే కాలము గడపకుండుటకు అది తగిన భోజనము. గూసు కాల్చుట మఱునాటి పని.

ఉపవాసనియమము మిక్కిలి అందముగా నిలిచిన చోటు పోలండు. అచ్చట ముఖ్యభోజనము 24వ తేదీ సాయంకాలముననే. ఆకాశమున మొదటి నక్షత్రము కనబడువఱకు ఎవరును బల్లచెంత కూర్చుండరు. పిల్లలు కిటికీలయొద్ద నిలిచి దానికొఱకు కనిపెట్టుకొని యుందురు. బల్లగుడ్డక్రింద కొంచెము ఎండుగడ్డి పఱతురు. అది పశువుల తొట్టికి గుర్తు. మొదట “ఒప్లాటెక్” అను పలుచని అప్పమును కుటుంబములోని వారందఱు ఒకరి చేతిలోనిది ఒకరు త్రుంచుకొని దీవెనమాటలు చెప్పుకొందురు. మనస్పర్థలున్నవారు ఆ అప్పము పంచుకొనుచు మాట కలుపుకొనుటయు కలదు. తరువాత పండ్రెండు వంటకములు. అపొస్తలుల సంఖ్య అందురు. ఒక్కటియు మాంసము కాదు. బీటుదుంపల చారు, పుట్టగొడుగులు, క్యాబేజీ, గసగసాల తీపి, అన్నిటికంటె ముఖ్యముగా కార్పు చేప. మన చెరువులలోని బొచ్చెయు శీలావతియు ఈ కార్పు కుటుంబములోనివే. దానిని పండుగకు ముందు ప్రాణముతో కొని తెచ్చి, ఇంటి స్నానపుతొట్టిలో నీరు నింపి వదలిపెట్టుట పట్టణవాసులకు అలవాటు. పిల్లలు దానికి పేరు పెట్టి ఆడుకొందురు. కోయువేళ వచ్చినప్పుడు ఏడ్తురు. మాంసము మానవలెనను నియమము ఇప్పుడు సడలినను ఆ రాత్రి మాంసము వండువారు అచ్చట అరుదు. ఇంకొక ఆచారము కలదు. ఇంటివారి సంఖ్యకంటె ఒక పళ్లెము, ఒక ఆసనము ఎక్కువగా ఉంచుదురు. పిలువకయే వచ్చు అతిథికొఱకు ఆ చోటు. అతిథి రాకున్నను ఆ పళ్లెమును తీయరు.

పొరుగునున్న యుక్రెయినులోను పండ్రెండు వంటకములే, మాంసము లేనివే. అందు మొదటిది “కుత్యా”: ఉడికించిన గోధుమలలో తేనెయు, నూఱిన గసగసాలును, అక్రోటుపప్పును కలిపి చేయునది. గోధుమపాయసము తినినవారికి దాని రుచి ఊహింపవచ్చును. ఆ దేశమువారు పాత పంచాంగమునుబట్టి జనవరి 7వ తేదీన పండుగ చేయుచుండి, 2023వ సంవత్సరమున చేసిన శాసనముచే సెలవుదినమును డిసెంబరు 25కు మార్చుకొనిరి. తేదీ మాఱినను కుత్యా మాఱలేదు. ఇటలీలోని నేపుల్సు పట్టణమున ముందురాత్రి సముద్రపు చేపలును, మలుగువంటి పొడవైన ఈలు చేపయు వండుదురు. కారణము అదే ఉపవాసము.

ఉపవాసము కఠినమైన కొలది విందు మధురమగునని ఎరుగవలెననిన ఇతియోపియాకు పోవలెను. ఆఫ్రికా ఖండమున నాల్గవ శతాబ్దమునుండి క్రైస్తవమతము నిలిచియున్న ఆ దేశమున క్రిస్మసును “గెన్నా” అందురు. జనవరి 7వ తేదీన చేయుదురు. దానికి ముందు 43 దినములు మాంసము, పాలు, వెన్న, గ్రుడ్లు ముట్టరు. రాత్రియెల్ల తెల్లని వస్త్రములు ధరించి గుడిలో నిలిచియుండి, తెల్లవాఱిన పిమ్మట ఇంటికి వచ్చి ఉపవాసము విడుతురు. లాలిబెలా అను ఊర కొండఱాతిని తొలిచి కట్టిన గుడులకు యాత్రికులు అనేక దినములు నడచి పోవుదురు. ఆ ఉదయపు వంట “డోరో వాట్” అను కోడికూర. ఉల్లిపాయలను మొదట నూనె లేకుండ చాలసేపు మగ్గించి, బెర్బెరె అను మిరపపొడియు, మసాలాతో కాచిన వెన్నయు చేర్చి, కోడిని పండ్రెండు ముక్కలుగా కోసి, ఉడికించిన గ్రుడ్లతో కలిపి వండుదురు. ఎఱ్ఱగా, ఘాటుగా నుండును. మన గుంటూరువారు సైతము మెచ్చుకొందురు. దానితో తినునది “ఇంజెరా”. టెఫ్ అను ధాన్యము మన కొఱ్ఱలకంటె సన్నము. ఆ పిండిని పులియబెట్టి పెద్ద అట్టువలె పోయుదురు. ఒక్క పళ్లెమునుండియే అందఱును చేతితో త్రుంచుకొని తిందురు. ప్రేమగలవారు ముద్ద చేసి ప్రక్కవారి నోట పెట్టుదురు. క్రిస్మసు విందనగా కత్తియు ముల్లును లేనిదే కాదని తలంచువారు ఈ దేశమును గుర్తుంచుకొందురు గాక. వారి మిరపకాయయు, మన మిరపకాయయు అమెరికా ఖండమునుండి వచ్చినవే. టర్కీకోడికి తోడి ప్రయాణికులన్నమాట.

ఇప్పుడు మన బిడ్డలకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించు సంగతి చెప్పెదను. చలిదేశమైన డెన్మార్కులో క్రిస్మసు రాత్రి చివర వడ్డించు గొప్ప తీపివంట ఏది? అన్నము! బియ్యమును పాలలో మెత్తగా ఉడికించి, చల్లార్చి, మీగడయు బాదముపప్పును కలిపి, పైన చెఱ్ఱీపండ్ల రసము పోయుదురు. “రిసలమాండ్” అని దాని పేరు. అందు ఒక్క బాదముపప్పును మాత్రము ముక్కలు చేయక దాచుదురు. అది ఎవరికి దొరకునో వారికి బహుమానము. దొరకినవారు దవడలో దాచుకొని, గిన్నె ఖాళీయగువఱకు ఇతరులచేత తినిపించుట పరిహాసము. స్వీడనులోను పాలబియ్యమే పండుగవంట. ఎందుకనగా ఆ దేశములలో వరి పండదు. పూర్వము పేదలు బార్లీగంజి త్రాగుచుండిరి; బియ్యము ఓడలలో దూరదేశమునుండి రావలసినది, విలువైనది. కావున అది పండుగకు తగిన పదార్థమైనది. మనము దినదినము పళ్లెములో మిగిల్చి పాఱవేయు మెతుకులు అచ్చట క్రిస్మసు రాత్రి లెక్కించి పంచునవి.

ఈ సంగతి విని నవ్వుటకు ముందు మన తాతల కాలము జ్ఞాపకము చేసికొనవలెను. రాయలసీమలో రాగిసంగటి, తెలంగాణమున జొన్నరొట్టెయు గటకయు దినభోజనముగా నుండిన యిండ్లలో వరియన్నము పండుగనాటి మాటయే. తెల్లని అన్నము వడ్డించిననాడు పండుగ వచ్చినట్లు పిల్లలు గ్రహించెడివారని ముసలివారు ఈనాటికిని చెప్పుదురు. డెన్మార్కు పిల్లవాడును మన తాతయు ఒకరినొకరు ఎఱుగకయే ఒకే పదార్థముకొఱకు ఒకే రీతిగా ఎదురుచూచిరి.

ఫిలిప్పీను దీవులలో బియ్యము కఱవు కాదు. అచ్చటిది మనవంటి వరిదేశము. డిసెంబరు 16వ తేదీనుండి 24వఱకు తొమ్మిది దినములు తెల్లవాఱకమునుపే గుడిలో ఆరాధన జరుగును. బయటికి వచ్చినవారికి గుడివాకిటనే “బిబింకా” అను అప్పము వేడివేడిగా దొరకును. బియ్యపుపిండిని కొబ్బరిపాలతో కలిపి, అరటియాకు పఱచిన మట్టిపాత్రలో పోసి, పైనను క్రిందను నిప్పులు పెట్టి కాల్తురు. వెదురుగొట్టములలో ఆవిరిమీద ఉడికించిన ఊదారంగు పుట్టు మఱియొకటి. కొబ్బరితురుము, చక్కెర చల్లుకొని తిందురు. మన గోదావరి తీరమువారు అచ్చటికి పోయినచో ఆకలితో తిరిగి రారు.

ఆస్ట్రేలియాలో డిసెంబరు మండువేసవి. పూర్వము వలసపోయిన ఇంగ్లీషువారు ఆ యెండలోనే పుడ్డింగు ఉడికించుకొని చెమటలు క్రక్కిరి. క్రమముగా బుద్ధి తెచ్చుకొని చల్లని హామును, రొయ్యలను, పండ్లతో కప్పిన “పావ్లోవా” అను తీపిని అలవాటు చేసికొనిరి. అన్నా పావ్లోవా అను రష్యా నర్తకి 1926వ సంవత్సరమున ఆ ప్రాంతములకు వచ్చినది. ఆమె పేరనే ఆ తీపి వెలసినది. దానిని మొదట చేసినది మేమనగా మేమని న్యూజీలండువారును ఆస్ట్రేలియావారును నేటికిని వాదులాడుచున్నారు. జపానులో క్రైస్తవులు నూటికి ఒక్కరో ఏమో. అయినను 1974వ సంవత్సరమున ఒక అమెరికా వేపుడుకోడి కంపెనీవారు చేసిన ప్రకటనలచే క్రిస్మసుకు వారి కోడి కొనుట ఆ దేశమంతట ఆచారమైపోయినది. జనులు ముందుగా చెప్పియుంచి వరుసలో నిలిచి కొని తెచ్చుకొందురు. పండుగ అర్థము తెలియకయే దాని భోజనమును తెలిసికొనుట ఎట్టిదో దీనివలన కనబడుచున్నది. నేను ఆ ఆచారమును మెచ్చుకొనజాలను.

మన దేశమునకు వత్తము. కేరళలో క్రైస్తవులు అప్పమును కూరను ఉదయమున తిందురు; కేకు చేయుట మన దేశమున 1883వ సంవత్సరమున తలచేరి పట్టణపు రొట్టెల దుకాణమొకటిలో మొదలైనదని ఆ ఊరివారు చెప్పుకొందురు. గోవాలో కొబ్బరి, బెల్లములతో నింపిన “నెవ్రి” అను పిండివంట మన కజ్జికాయకు తోబుట్టువు.

ఇక మన అరిసె. దానిని బదులుగా చేసికొను వంటయని తలంచువారు ఒక్కసారి దాని లెక్క వేయవలెను. మన మాగాణి పొలములలో సార్వాపంట కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో జరుగును. చెఱకు గానుగలు ఆ దినములలోనే ఆడనారంభించును. క్రొత్తబియ్యమును నానబెట్టి, తడిపిండి దంచి, క్రొత్తబెల్లపు పాకములో కలిపి, నువ్వులద్ది, చేతితో తట్టి, నూనెలో వేచి, చెక్కలమధ్య నొక్కినదే అరిసె. అందులో ఓడలో వచ్చినది ఒక్కటియు లేదు. ఈ ఋతువున ఈ నేల ఏమి ఇచ్చినదో అదియే. మూడు వారముల పిమ్మట సంక్రాంతికి మన హిందూసోదరులు చేయునదియు అదే, కారణమును అదే. వారింటి అరిసెలు మనయింటికిని, మనవి వారింటికిని పోవుట మన యూళ్ల మర్యాద. పాకము ముదిరెనా లేదా అని చూచుటకు పొరుగింటి అవ్వను పిలుచుకొని వచ్చు యిండ్లు ఇప్పటికిని కలవు. గులాబీపువ్వులని మనము ఇనుపఅచ్చుతో నూనెలో వేయు పిండివంట నార్వేదేశపు క్రిస్మసు పళ్లెములోను అదే యాకారమున కనబడును. ఆ దేశపు పిల్లలు దానిని తమ అవ్వల వంటయనియే చెప్పుకొందురు.

పండుగకు కోడియో మాంసమో కొనుటకు అప్పు చేయు తండ్రులు మన తల్లిదండ్రులలో కలరు. ఈ మాట వ్రాయుట నాకు కష్టముగానే యున్నది. పిల్లవాడు తరగతిలో తలవంచుకొనునను భయమే ఆ అప్పునకు పెద్దకారణమని వారితో మాటలాడినపుడు తెలియుచుండును. పోలండు బల్లమీద పండ్రెండు వంటకములలో మాంసము లేకపోవుటయు, జర్మనీలో దుంపలతో రాత్రి గడచుటయు ఆ పిల్లవానికి తెలిసియుండినచో తండ్రికి కొంత భారము తగ్గును. మన సంఘములలో క్రిస్మసుకు జరుపు ప్రేమవిందును ఈ సందర్భమున చెప్పకతప్పదు. ఇంటింటినుండి బియ్యము, పప్పు, కట్టెలు తెచ్చి, గుడి ఆవరణమున పెద్దగుండిగలలో వండి, అందఱును ఒకే బంతిలో కూర్చుండి తినునది. ఎవరి యింటి బియ్యము ఎవరి విస్తరిలో పడినదో ఎవరికిని తెలియదు. పట్టణములలో ఇప్పుడు పొట్లములు కట్టి చేతికిచ్చి పంపు పద్ధతి వచ్చుచున్నది. త్వరగా ముగియుననుట నిజమే గాని, బంతిలో కూర్చుండి అడిగి వడ్డించుట అందులో లేదు. మెదకులోని మహాదేవాలయమును పాస్నెట్టు దొరగారు కరవుకాలమున జనులకు పనియు అన్నమును కల్పించుచు కట్టించిరని ప్రసిద్ధి. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠింపబడినది. ఈనాడు క్రిస్మసుకు అచ్చటికి వచ్చు వేలజనము ఆవరణమున చెట్లక్రింద మూటలు విప్పి తెచ్చుకొన్న అన్నము పంచుకొని తినుట చూడదగినది.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీకొక పని. మీ అవ్వనో తాతనో అడిగి, వారి చిన్ననాట క్రిస్మసుకు ఏమి వండిరో, మీరు ఇతర మతస్థులైనచో మీ పెద్దపండుగకు ఏమి వండిరో వ్రాసికొని రండు. ఏ ధాన్యముతో చేసిరి, ఎక్కడ దంచిరి, ఏ పొయ్యిమీద వండిరి, ఎవరి యింటికి పంపిరి, ఇప్పుడది ఎందుకు చేయుట లేదు అను సంగతులు తప్పక వ్రాయవలెను. వంటపేరు వారు పలికినట్లే వ్రాయుడు, దిద్దవలదు. జనవరిలో బడి తెఱచిననాడు ఆ కాగితములను పటముప్రక్కను గోడకు అంటించి, భూగోళపాఠమును వానితోనే మొదలు పెట్టుదము.